తడి గోనెసంచి

చిక్కడపల్లి,
ఫిబ్రవరి 2

నాయినా,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. మార్చి ఒకటో తారీఖున మీ గుంపు పుణె పని ముగించుకొని, ఎక్కడో కొండల్లో సొరంగం తవ్వే పనికి పోతోందని, పోయేవాళ్ల పేర్లు గుంపు పెద్ద బుగ్గయ్య పెద్దనాయిన పుస్తకంలో రాసుకుంటున్నాడని అమ్మకు తెలిసింది. అక్కడికి పోతే వానలు పడేదాకా తిరిగి రావడం ఉండదట. నీ దగ్గు సంగతి నీకు తెలుసు. దుమ్ములో పని చేయవద్దని డాక్టరు నీ ముందే చెప్పాడు. ఆ చీటీ నేనే నీకు చదివి వినిపించాను. నీ పేరు ఆ పుస్తకంలో పడకముందే ఈ ఉత్తరం నీకు అందాలి.

ఫోను చేస్తే నా గొంతు వినగానే పెద్దనాయిన చేతికిస్తున్నావు. "మీ నాయిన పనిల ఉన్నడు బిడ్డా" అంటాడాయన. వెనకాల నీ దగ్గు వినబడుతూనే ఉంటుంది. కాగితం మీద రాసినదాన్ని మాత్రం నువ్వు పక్కకు పెట్టవు. కరెంటు బిల్లయినా పెళ్లి కార్డయినా రెండుసార్లు చదివించుకొని గానీ మడవవు. అందుకే రాస్తున్నాను. ఊళ్లో చావుకు వచ్చిన మీ గుంపు మనిషి రేపు పుణె బస్సు ఎక్కుతున్నాడు, ఆయన చేతికిస్తాను. మీ దగ్గర హాజరీ రాసే సులోచన అక్క చదివి వినిపిస్తుంది. చిన్నప్పుడు నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమే. నా చేతిరాత ఆమెకు కొత్త కాదు.

నాయినా, ఆ కంప్యూటరు మనింట్లోకి ఒక్కసారిగా రాలేదు. నేను ప్రశ్నపత్రాలు టైపు చేసే అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో పాత సామాను తీసేస్తుంటే విఠల్ సారును అడిగి ఖాళీ క్యాబినెట్ ఒకటి తీసుకున్నాను. నువ్వు దాన్ని భుజాన పెట్టుకొని వస్తుంటే టీ కొట్టు దగ్గర పోరగాళ్లు నవ్వారు. "ఏం కాకా, గ్రూప్ వన్‌కు నువ్వు గూడ రాస్తున్నవా?" అన్నాడొకడు. "నా బిడ్డ సదువుతది, నేను మోస్త. ఇద్దరం కలిస్తె ఒక ఆఫీసరు" అన్నావు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్కొక్క భాగమే వచ్చింది. మదర్‌బోర్డు, ప్రాసెసర్ నారాయణగూడలో రిపేరు దుకాణం నడిపే పీరయ్యన్న దగ్గర దొరికిన పాతవి. డిస్కు కోఠిలో తెచ్చాను.

అన్నీ అమర్చిన రోజు నువ్వు పనికి పోలేదు. నా పక్కన కూర్చొని స్క్రూలన్నీ నీ టోపీలో పోసుకొని ఒక్కొక్కటి అందించావు. ప్రాసెసర్ మీద నేను పేస్టు రాస్తుంటే, "గింతేనా సిమెంటు? గింత పల్చగైతె నిలుస్తదా?" అన్నావు. మందంగా రాస్తే వేడి బయటికి పోదని చెప్పాను. "ఇంటికి ఉల్టా ఉన్నది" అని నవ్వావు. ఫ్యాను తిరిగి తెర వెలిగినప్పుడు అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఇంకా ఉంది.

ఆ పెట్టె మీదే నేను ఇళ్ల బొమ్మలు చేయడం నేర్చుకున్నాను. ఇంకా కట్టని ఇంటిని కట్టినట్టు చూపించే బొమ్మలు. గాంధీనగర్‌లో ఇళ్ల నక్షాలు గీసే రచన మేడం అవి చూసి నాకొక పరీక్ష పెట్టింది. మూడంతస్తుల ఇల్లు ఒకటి, అందులో మనిషి గేటు నుంచి మేడమీది దాకా నడిచి పోతున్నట్టు చూపించాలి. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా ఇస్తే, నచ్చితే, ఆఫీసులో ఉద్యోగం. ప్రశ్నపత్రాలు టైపు చేసే బతుకు నుంచి బయటపడే దారి అదొక్కటే అనుకున్నాను. శనివారం రాత్రికి సగం అయింది. మన పెట్టె మామూలుగా నడిస్తే మిగతాది సోమవారం సాయంత్రానికి గానీ తయారయ్యేది కాదు. అందుకని దాని వేగం పెంచాను. ఆదివారం పొద్దున వేడెక్కి ఆగిపోయింది. "చల్లారనియ్యి నాయినా, వచ్చి చూస్త" అని నీకు చెప్పి పీరయ్యన్న దుకాణానికి పోయాను.

నేను తిరిగి వచ్చేసరికి నువ్వు గోనెసంచి తడిపి, పిండి, పెట్టె చుట్టూ చుట్టి ఉన్నావు. కొత్తగా పోసిన స్లాబు పగలకుండా తడి సంచులు కప్పినట్టే కప్పావు. కింద గచ్చు మీద నీళ్లు కాలువ కట్టాయి. అప్పుడు నేను నోటికొచ్చినట్టు అన్నాను. నా బతుకు మీద నీళ్లు పోశావన్నాను. చదువు రానివాళ్లకు ముట్టుకోవడానికి సిగ్గుండాలన్నాను. గుంపుకు మనుషుల కోసం వచ్చిన బుగ్గయ్య పెద్దనాయిన గుమ్మంలో నిలబడి ఉన్నాడని కూడా చూడలేదు. నువ్వు సంచి తీసి దండెం మీద ఆరేశావు. నాలుగో రోజు ఆయన వెంట పుణె పోయావు.

నువ్వు తెలిసి చేయలేదు నాయినా. నా మేలు కోరే చేశావు. ఆ తప్పు నేను మనసులో పెట్టుకోలేదు. నిన్ను క్షమించాను. సొరంగానికి పేరు ఇవ్వకు. ఇంటికి వచ్చెయ్యి.

నీ బిడ్డ,
నర్మద


చిక్కడపల్లి,
ఫిబ్రవరి 11

సులోచన అక్కా,

నిన్న నువ్వు ఫోనులో చెప్పిన సంగతి విన్నాక ఇది రాయక తప్పదు. రాయకపోతే మా నాయిన నా అబద్ధాన్ని మోసుకుంటూ సొరంగంలోకి పోతాడు.

నువ్వు చెప్పినవన్నీ నా చెవుల్లో ఉన్నాయి. ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడన్నావు. "మాఫ్ జేసిందా?" అని అడిగాడన్నావు. "చేసిందట కాకా" అని నువ్వంటే, కాగితాన్ని ఆధార్ కార్డు పెట్టుకునే కవరులో పెట్టుకొని నేరుగా బుగ్గయ్య పెద్దనాయిన దగ్గరికి పోయి, "నా పేరు రాయి. మాఫ్ జేసిన బిడ్డ కాడికి ఉత్త చేతులతోని ఎట్ల పోత? కొత్త కంప్యూటర్ డబ్బతోనే పోత" అన్నాడన్నావు. ఆయన్ను ఆపడానికి నేను రాసిన ఉత్తరమే ఆయన పేరును ఆ పుస్తకంలోకి ఎక్కించింది.

ఇంకొకటి కూడా చెప్పావు. చెప్పాలా వద్దా అని ఆగి ఆగి చెప్పావు. గుంపులో అందరూ ఆయన్ను 'కంప్యూటర్‌కు నీళ్లు పట్టిన మేస్త్రి' అంటున్నారని. మిక్సర్ వేడెక్కితే, "ఓ మాసయ్య మేస్త్రీ, నీ సంచి తడుపుకోని రా" అని అరుస్తున్నారని. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వుతున్నాడని. ఆ నవ్వు గురించి వినకుండా ఉంటే బాగుండేది.

అక్కా, ఆ పెట్టెను మా నాయిన చంపలేదు. ఆయన సంచి తడిపేటప్పటికే అది చచ్చిపోయి ఉంది. చంపింది నేను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ప్రాసెసర్‌కు తయారుచేసినవాళ్లు ఒక వేగం పెడతారు. కొన్నిటికి ఆ వేగం మనం పెంచుకోవచ్చు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెరిగితే వేడి పెరుగుతుంది. ఒక్కొక్క మెట్టే ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ కాసేపు గట్టిగా పని చేయించి, తట్టుకుంటుందో లేదో చూసి, అప్పుడే తర్వాతి మెట్టు. చలికాలం పొద్దున మా రేకుల గది చల్లగా ఉంటుందని ఆ ఆదివారం తెల్లవారగానే మొదలుపెట్టాను. మూడు మెట్లు పద్ధతిగానే ఎక్కించాను. నోటుబుక్కులో వేడి కూడా రాసుకున్నాను. డెబ్భై రెండు, డెబ్భై తొమ్మిది, ఎనభై ఆరు డిగ్రీలు. అక్కడ ఆగాలి. ఆ బోర్డు ఇచ్చిన రోజే పీరయ్యన్న హెచ్చరించాడు. "నర్మదా, ప్రాసెసర్ అయితె ఉరుకుతది. కాని బోర్డు చిన్నది. దానికి పవరు పోయే కాడ వేడి గుంజే రేకు లేదు, చూడు, నా నెత్తి లెక్కనే ఉన్నది. జోరు చెయ్యకు" అన్నాడు. ఆయనకు బట్టతల. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ మూడో మెట్టు మీద నడిపిస్తే పని సోమవారం పదకొండుకు అయ్యేది. నాకు తొమ్మిదికి కావాలి. రెండు గంటలు, అక్కా. ఫోను చేసి రెండు గంటలు గడువు అడిగితే రచన మేడం ఇచ్చేదేమో. నేను అడగలేదు. నాలాంటిదాని దగ్గర మంచి మిషను లేదని ఆమెకు తెలియకూడదనుకున్నాను. రెండు మెట్లు ఒకేసారి ఎక్కించాను, పరీక్ష చేయకుండానే మిగతా పని మొదలుపెట్టాను. ఫ్యాను మోత వాకిట్లోకి వినబడింది. చాయ తాగుతూ మా నాయిన లోపలికి తొంగి చూసి, "దాన్ని జర ఊపిరి పీల్చుకోనియ్యి బిడ్డా" అన్నాడు. "నీకేం తెలుసు నాయినా" అన్నాను. ఎనిమిదింబావుకు టప్పుమని చిన్న శబ్దం, కాలిన వాసన. తెర నల్లబడింది.

పక్క రేకు విప్పి చూశాను. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే నల్లటి ముక్కల్లో ఒకటి పగిలి ఉంది. దాని చుట్టూ బోర్డు మాడిపోయింది. ఫోటో తీసుకొని, రేకు మళ్లీ బిగించి, వేడెక్కిందని మాత్రమే మా నాయినకు చెప్పి నారాయణగూడ పోయాను. పీరయ్యన్న ఫోటో చూసి, "పోయింది. దీనెంబడి ప్రాసెసర్ గూడ పోయుంటది" అన్నాడు. తిరిగి చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఆ క్యాబినెట్‌ను మోసుకొచ్చిన మనిషికి, స్క్రూలు టోపీలో పోసుకున్న మనిషికి ఏమని చెప్పాలి? ఇంట్లో మొదటి చదువు నాది. చదువు వచ్చినదాన్ని, హెచ్చరిక విని కూడా, చేజేతులా కాల్చేశానని ఎట్లా చెప్పాలి?

గుమ్మంలోకి రాగానే ఆ తడి సంచి కనబడింది. నిజం రాస్తున్నాను అక్కా. ఆ సంచిని చూసినప్పుడు నాకు కోపం రాలేదు. ప్రాణం తేలికపడింది. తేలికపడిన తర్వాతే అరిచాను. ఆ అరుపంతా నటన అని చెప్పలేను, అరుస్తుంటే నిజంగానే కోపం వచ్చింది. కాని మొదట వచ్చింది కోపం కాదు. అది నాకు మాత్రమే తెలుసు, ఇప్పుడు నీకు.

పైగా, క్షమించానని రాశాను. ఎవరు ఎవరిని?

నాకొక సాయం చెయ్యి. మా నాయినను పక్కకు పిలిచి, ఎవరూ లేని చోట, నీ మాటల్లో ఈ సంగతి చెప్పు. ఆయన ముఖం చూసి చెప్పడం నాకు చేతకాదు. రాయడం అంతకంటే చేతకాదు, రాస్తే నలుగురిలో చదవాల్సి వస్తుంది.

నీ చెల్లెలు,
నర్మద


చిక్కడపల్లి,
ఫిబ్రవరి 19

నాయినా,

ఇది మీరంతా అన్నానికి కూర్చున్నప్పుడు చదవమని సులోచన అక్కకు చెప్పాను. ఆమె చేత నీకు చాటుగా చెప్పించాలని చూశాను. ఆమె ఒప్పుకోలేదు. "చెవిల చెప్తె చెవిలనే ఉంటది నర్మదా. నవ్వింది నలుగురు. నువ్వు రాయి, ఆ నలుగురి ముంగట చదువుత" అంది. అందుకని ఇది నీ ఒక్కడికే రాస్తున్నది కాదు. బుగ్గయ్య పెద్దనాయినా, నువ్వు కూడా విను. ఆ రోజు గుమ్మంలో నువ్వు విన్నది అబద్ధం.

కంప్యూటరు నీళ్లతో పోలేదు. మా నాయిన సంచి తడపకముందే నా చేతుల్లో కాలిపోయింది. దాని శక్తికి మించి నేను ఉరికించాను. వద్దని చెప్పినవాళ్లు ఇద్దరు. ఒకడు పీరయ్యన్న, రెండోవాడు నువ్వు నాయినా. కాలిపోయిందని తెలిసే ఇల్లు చేరాను. తెలిసే నిన్ను అన్నాను. మొన్నటి ఉత్తరంలో నిన్ను క్షమించానని రాసింది కూడా తెలిసే రాశాను. ఆ ఉత్తరం నీ కవరులో ఉంటే తీసి చింపెయ్యి.

ఇంకా ఉంది. పీరయ్యన్న ఆ పెట్టె మొత్తం విప్పి, ఎండబెట్టి, ఒక్కొక్కటి తన మిషనుకు తగిలించి చూశాడు. డిస్కు నడుస్తోంది. ర్యాము నడుస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. నీళ్లు తగిలినవన్నీ బతికే ఉన్నాయి. "సంచి కప్పేటందుకు ముందు వైరు పీకిండా?" అని అడిగాడు. పీకాడన్నాను. "ఎవరు చెప్పిన్రు పీకుమని?" ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, "మా దుకాణంల పని నేర్చుకునేటోళ్లకు గా బుద్ధి రానికి ఆర్నెల్లు పడుతది" అన్నాడు. గుంపులో నవ్వేవాళ్లకు ఈ మాట రెండోసారి చదివి వినిపించు అక్కా.

డిస్కులో నేను చేసిన ఇల్లు సగం ఉంది. గేటు, కింది గది, మెట్లు. మెట్లు మలుపు తిరిగే చోట బొమ్మ ఆగిపోయింది. ఆ చోటు నీకు గుర్తుందా? ఒక సాయంత్రం తెర ముందు వంగి చూసి, "ఈడ కింద బీము ఏది బిడ్డా? గీ మెట్లు నేనైతె ఎక్క" అన్నావు. నేను బీము పెట్టి రచన మేడానికి చూపిస్తే, "ఇది నీకెవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోయింది. పుస్తకంలో చదివానన్నాను. మా నాయిన చెప్పాడని ఆ మాట నా నోట్లోంచి రాలేదు. కాబట్టి సంచి రోజున అబద్ధం కొత్తగా పుట్టలేదు, అంతకుముందే ఉంది.

మేడం ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేసింది. నేను ఆమెను ఏమీ అడగలేదు. ప్రశ్నపత్రాలే టైపు చేస్తున్నాను. ఇంకో కంప్యూటరు ఇప్పట్లో నేను కట్టను, నువ్వు కొని తెచ్చినా ముట్టుకోను. నువ్వు ఆ దుమ్ములో దగ్గుతూ సంపాదించి తెచ్చిన పెట్టె ముందు కూర్చొని నేను ఏ ఇంటి బొమ్మ చేయగలను? ఒక మిషనును ఊపిరి పీల్చుకోనివ్వమని నువ్వు చెబితే వినలేదు. ఇప్పుడు నీ ఊపిరి గురించి నేను చెబుతున్నాను. నువ్వూ వినకపోతే నిన్ను తప్పు పట్టే హక్కు నాకు లేదు.

నిన్న అమ్మకు నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రొట్టె తట్టడం ఆపి, "మాకు సదువు లేదని మాకు ఎర్కే బిడ్డా. నీకున్నదనుకున్నం" అంది. మళ్లీ రొట్టె తట్టింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. నీ సంచి ఇంకా దండెం మీదే ఉంది. నువ్వు ఆరేసినట్టే ఉంది, ఎండి బిగుసుకుపోయింది. తీస్తానంటే అమ్మ తీయనివ్వడం లేదు.

ఇది విని నువ్వు వస్తావన్న నమ్మకం నాకు లేదు. కొత్త డబ్బా కోసం పేరు రాయించుకున్నావు, ఇప్పుడు నా ముఖం చూడకుండా ఉండటం కోసం పోవచ్చు. అట్లా పోతే అది కూడా నా వల్లనే. రమ్మని అడగడం లేదు. ఊరికి పో, నారాయణగూడ కూలీల అడ్డా మీద నిలబడు, ఎక్కడైనా ఉండు. సొరంగంలోకి మాత్రం పోకు.

మీ గుంపు ఒకటో తారీఖు పొద్దున్నే బండి ఎక్కుతుంది. ఇరవై ఏడు లోపల నాకు జవాబు కావాలి. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు, ఏమీ రాయించకు. బుగ్గయ్య పెద్దనాయిన పుస్తకంలో నీ పేరు కొట్టేయించి, ఆ పేజీ ఫోటో తీసి పంపమని సులోచన అక్కకు చెప్పు. ఇరవై ఏడు సాయంత్రం దాకా చూస్తాను.

నర్మద